చపాటా మిర్చికి ట్యాగ్ వచ్చింది, మా అత్తకేమొచ్చింది?

వరంగల్ చపాటా మిర్చికి జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగ్ వచ్చిందని 2025ల వార్త వచ్చిన రోజు నేను హన్మకొండల చాయ్ తాగుకుంట ఫోన్ చూస్తున్న, వాట్సాప్ గ్రూపులన్నీ అదే ముచ్చట, మన మిర్చి మన గర్వం అని ఎర్రటి ఫోటోలు. నాకు గూడ మస్తు ఖుషీ అయింది, అబద్ధం ఎందుకు. వెంటనే మా మేనత్తకు ఫోన్ చేసిన. మా బాపు చెల్లె, నర్సంపేట దిక్కు ఊరు, పెండ్లయి వచ్చినప్పటి సంది చపాటానే పెడుతున్నది.

"అత్తా, మన చపాటాకు ట్యాగ్ వచ్చిందట."

"అంటే ఏందిరా?"

"అంటే ఇది వరంగల్‌దే అని సర్కారు ముద్ర ఏసినట్టు."

"ఇన్ని రోజులు ఎవలదనుకున్నరు మరి?" అన్నది. జెర సేపు ఆగి, "ధర పెరుగుతదా అల్లుడా?" అన్నది. పెరగొచ్చు అన్న. "మంచిదే. మరి నాకేమొస్తది?"

నేను నవ్వి ఏదో చెప్పి ఫోన్ పెట్టేసిన కాని ఆ మాట నన్ను ఇడ్వలేదు. ఆమె పైసల గురించి అడగలేదని నాకు తర్వాత అర్థమైంది, ధర ముచ్చట అంతకుముందే అయిపోయింది గద. ఆమె అడిగింది ఇంకోటి. ఆ ఇంకోటి గురించే ఈ పోస్టు, జెర పొడుగైతది, ఓపికుంటే చదవండి.

ముందు ఒక మాట చెప్పాలె, లేకపోతే కింద కామెంట్లల తిడతరు. జీఐ రావడం మంచి పనే. దుగ్గొండి మండలం తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ అప్లికేషన్ పెట్టింది, మాల్యాల ఉద్యాన పరిశోధన స్థానం సైంటిస్టులు, కొండా లక్ష్మణ్ ఉద్యాన యూనివర్సిటీ (ములుగుల ఉంటది, మన సమ్మక్క ములుగు కాదు, సిద్దిపేట జిల్లా ములుగు, దీంతోని నేను ఒకసారి మంచిగనే తప్పిపోయిన) వెనక నిలబడ్డరు. కాగితాలు తయారు చేసి, రుజువులు పట్టి, చెన్నైల ఉన్న జీఐ రిజిస్ట్రీ దాకా తీస్కపోవుడు చిన్న పని కాదు. వాళ్లకు దండం. కాని జీఐ అనేది ఒక జాగకు ఇచ్చే పేరు. ఈ నేల, ఈ వాతావరణం, ఈ పంట, ఇక్కడోళ్లు తప్ప వేరేటోళ్లు ఈ పేరు పెట్టుకొని అమ్మొద్దు, అంతవరకే. ఈ గింజను ఇన్నేండ్లు ఎవరు చెడిపోకుంట కాపాడిన్రు అనే ప్రశ్న ఆ చట్టంల లేదు.

కాపాడుడు అంటే ఏందో చాలామందికి తెల్వదు. చపాటా తెల్వనోళ్లకు చెప్తున్న, ఇది పొడుగు మిర్చి కాదు, పొట్టిగ బుర్రగ టమాటలెక్క ఉంటది, అందుకే టమాట మిర్చి అని గూడ అంటరు. రంగు మాత్రం నిప్పులెక్క, కారం తక్కువ. పచ్చళ్లకు, రంగు తీసే కంపెనీలకు ఇదే కావాలె, తేజ అనే ఘాటు రకం తోని ఆ పని కాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల సింగిల్ పట్టి, డబుల్ పట్టి అని పేర్లు, మంచి సరుకు వస్తే జెండా పాట (వేలంల పలికే పై ధర) ఎక్కడికో పోతది. ఇప్పుడు సంగతేందంటే మిర్చి పువ్వు తనంతట తానే కాయ కడతది కాని తేనెటీగలు, చిన్న చిన్న పురుగులు పక్క చేన్ల పుప్పొడి గూడ తెచ్చి పోస్తయి. పక్కోడు హైబ్రిడ్ పెట్టిండనుకో, నువ్వు కళ్లు మూసుకొని గింజ దాచినవనుకో, మూడు నాలుగేండ్లల నీ చపాటా చపాటాలెక్క ఉండదు. కాయ పొడుగైతది, రంగు తగ్గుతది, ఖరీదుదారు బస్తాల చెయ్యి పెట్టి చూసి మొఖం తిప్పుకుంటడు.

మా అత్త ఏం చేస్తదంటే, చేను నడిమిల ఉన్న చెట్లనే చూస్తది, గట్టు పొంటి ఉన్నయి ముట్టదు. మొదటి ఏరుడు కాయ గింజకు తియ్యదు, రెండో ఏరుడు కోసం చూస్తది. కాయ పూర్తిగ పండాలె, చెట్టుకు ముడత రోగం ఉండొద్దు, కాయ భుజాలు వెడల్పుగ ఉండాలె (భుజాలు అనే అంటది, మనిషికి ఉన్నట్టు). ఆ చెట్లకు పాత చీర పీలికలు కట్టి పెడతది, కూలికి వచ్చినోళ్లు పొరపాటున ఏరకుంట. కల్లంల అన్ని కాయలతోని కలిపి ఎండబెట్టదు, ఇంటి ముందట మంచం మీద విడిగ, మిట్ట మధ్యాహ్నం ఎండకు గోనెపట్ట కప్పి. ఎండినంక గింజ తీసి, తాలుది చాటల చెరిగి, బూడిదల కలిపి వేపాకు ఏసి కుండల పెట్టి మూతికి గుడ్డ కట్టి అటక మీద పెడతది. పెద్ద పెద్ద సంస్థలు చేసే సెలెక్షన్ అనే పని ఇదే. ఆమె దాన్ని "గింజ చూసుడు" అంటది.

2021ల నల్ల తామర పురుగు వచ్చింది యాదికుందా? ఆ ఏడు వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం మొత్తం మిర్చి పూత రాలిపోయి, మందులు కొట్టి కొట్టి అలసిపోయి చేన్లకు చేన్లు పీకేసిన్రు. మా అత్త చేను గూడ పీకిచ్చింది, ఆ రోజు ఆమె అన్నం తినలేదని మా బావ ఫోన్ల చెప్పిండు. మరుసటేడు వాడకట్టుల చపాటా గింజ కావాల్నంటే ఎవరి దగ్గర లేదు, అందరు పది గ్రాముల పాకెట్లు కొనుక్కునేటోళ్లే. అటక మీద కుండ దింపితే అంతకుముందు ఏడాది గింజ ఉన్నది. ఆరేడు ఇండ్లకు ఆ కుండ నుంచే పోయింది. ఎవరి దగ్గర పైసలు తీసుకోలేదు, "మల్ల సాలు నాకియ్యాలె" అన్నది, అంతే.

ఇది హార్టికల్చర్‌ల గొప్ప సేవ కాదా? అయితే దీనికి మెడల్ ఏది?

నాకు జెర నెట్టుల తవ్వే అలవాటుంది, అందుకని ప్రపంచంల తోటల పనికి ఎవరెవరికి ఏమేమిస్తరో చూసుకుంట పోయిన. ఇంగ్లండ్ల రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 1897 సంది విక్టోరియా మెడల్ ఆఫ్ ఆనర్ అని ఇస్తది, ఒక్కసారికి 63 మంది దగ్గరనే అది ఉండాలె, ఎందుకంటే విక్టోరియా రాణి 63 ఏండ్లు ఏలింది. ఒకరు పోతేనే ఇంకొకరికి. రాణి ఏలిన ఏండ్లు లెక్క పెట్టి తోటమాలీలకు కోటా పెట్టిన్రంటే నాకైతే నవ్వొచ్చింది. అమెరికల హవాయి దీవుల ఉన్న నేషనల్ ట్రాపికల్ బొటానికల్ గార్డెన్ వాళ్లు 1999 సంది డేవిడ్ ఫెయిర్‌చైల్డ్ పేరు మీద మెడల్ ఇస్తరు, అది ప్రత్యేకంగ మొక్కల కోసం దేశాలు తిరిగినోళ్లకు. ఫెయిర్‌చైల్డ్ అంటే అమెరికా వ్యవసాయ శాఖల విదేశీ విత్తనాలు, మొక్కలు తెప్పించే విభాగాన్ని 1898ల మొదలుపెట్టినాయన. లోకమంతా తిరిగి, వేల రకాలు అమెరికాకు చేరేటట్టు చేసిండు. గొప్పోడే, కాదనను.

కాని ఆయన కంటే ముందే జరిగిన ఒక మామిడి కథ ఉంది, అది చదివినంక నాకు మా అత్త మాట ఇంకా గట్టిగ ఇనపడ్డది. 1889ల అమెరికా వ్యవసాయ శాఖ మన పూణె నుంచి ముల్గోబా మామిడి అంట్లు తెప్పించింది. ఓడల పోయి పోయి ఫ్లోరిడాకు చేరినయి. 1895ల అక్కడ గడ్డ కట్టే చలి వచ్చి అన్నీ చచ్చిపోయి ఒక్క చెట్టు మిగిలింది, ఎల్‌బ్రిడ్జ్ గేల్ అనే ఆయన దగ్గర. ఆ చెట్టు పండ్ల టెంకలు కెప్టెన్ హేడెన్ అనే రిటైర్డ్ మిలిటరాయన 1902ల పెట్టిండు, మరుసటేడే చచ్చిపోయిండు, కాయ చూడనే లేదు, వాళ్ల ఇంటామె చెట్లను సాదింది, 1910ల కాసింది. ఆ మామిడి పేరు హేడెన్. ఇప్పుడు అమెరికా, యూరప్ సూపర్ మార్కెట్లల దొరికే ఎర్ర మామిళ్లల చానా వాటికి అదే తల్లి. కెప్టెన్ పేరు పండుకు ఉంది. చలికి బతికిన చెట్టు ఎవరి దొడ్లె ఉన్నదో రాసి ఉంది. పూణెల కత్తి పట్టి, కొమ్మ ఎంచి, అంటు కట్టి, తడిగుడ్డ చుట్టి పంపిన మాలి పేరు మాత్రం యాడ లేదు. అంటు సరిగ కట్టకపోతే ఓడ ఎక్కకముందే ఎండిపోవు గద! ఆ చేతి పని లేకుంట హేడెన్ లేదు, దాని పిల్ల మామిళ్లు గూడ లేవు.

మన దగ్గర గూడ ఇట్లనే. రాక్స్‌బర్గ్ అని స్కాట్లండ్ డాక్టర్, ఈస్టిండియా కంపెనీ నౌకరి, సామర్లకోటల ఏండ్ల తరబడి ఉండి మొక్కలు పట్టుకున్నడు, తర్వాత 1793ల కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు పోయిండు. ఆయన కోరమాండల్ తీరం మొక్కల మీద వేసిన పుస్తకం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగ వచ్చింది, 300 బొమ్మలు. ఆ బొమ్మలు ఒకసారి చూడండి, ఆకు ఈనె ఈనె కనపడతది, కాయ కోసి లోపలి గింజ గూడ గీసిన్రు. గీసింది మనోళ్లు, ఇక్కడి చిత్రకారులు. పుస్తకం మీద వాళ్ల పేరు లేదు. రాక్స్‌బర్గ్ మంచిపని ఒకటి చేసిండు, మొక్క పక్కన మన పేరు గూడ "తెలింగ" అని గుర్తు పెట్టి రాసుకున్నడు, అంటే ప్రతి పేరు వెనక ఎవరో ఒక పశువుల కాపరో, కట్టెలు కొట్టేటాయనో, మందు ఇచ్చే అవ్వనో నిలబడి "ఇది ఫలానా అయ్యా" అని చెప్పిన్రు. వాళ్లెవరో రాసుకోలేదు.

సోమిడ చెట్టు ఉంది గద, జ్వరానికి బెరడు వాడేటిది, దాని లాటిన్ పేరు సోయ్మిడా, మన మాటనే సక్కగ తీసుకపోయి పెట్టిన్రు. కాజీపేటల రైలు దిగేటోళ్లకు సోమిడి అంటే పక్కనున్న ఊరు, నాకు ఆ లాటిన్ పేరు చదివినప్పుడల్లా ఆ ఊరి గల్లీలు కండ్ల ముందటికి వస్తయి. అది సంతోషం. కాని మోదుగ సంగతి చూడండి. హోళీకి మనం పూలు ఉడకబెట్టి రంగు తీసే మోదుగ, విస్తర్లు కుట్టే మోదుగ, దాని లాటిన్ పేరు బ్యూటియా. ఎందుకంటే స్కాట్లండ్ల బ్యూట్ అనే దీవి ప్రభువు ఒకాయన, బ్రిటన్‌కు ప్రధానమంత్రి చేసినాయన, ఆయనకు మొక్కలంటే ఇష్టం. గుగ్గిలం చెట్టు షోరియా అయింది, గవర్నర్ జనరల్ జాన్ షోర్ గౌరవార్థం. మోదుగాకుల విస్తరి ఎప్పుడన్న కుట్టిండా ఆ ప్రభువు?

"అప్పట్ల అట్లనే నడిచింది, ఆ కాలం వేరు" అంటరు కొందరు. నేనొప్పుకోను. అంతకు వందేండ్ల ముందటనే వేరే తీరుగ చేసినోళ్లున్నరు. కేరళల డచ్చి గవర్నర్ వాన్ రీడ్ వేయించిన హోర్తుస్ మలబారికుస్, 1678 నుంచి 1693 దాకా 12 సంపుటాలు, అందుల ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడి పేరు ఉంది, పేరు ఒక్కటే కాదు, ఆయన సొంత లిపిల రాసిచ్చిన వాంగ్మూలమే మొదటి సంపుటిల అచ్చేసిన్రు. రంగ భట్టు, వినాయక పండితుడు, అప్పు భట్టు అనే ముగ్గురు కొంకణి బ్రాహ్మల పేర్లు గూడ ఉన్నయి. వాన్ రీడ్ ఏమీ సాధువు కాదు, వ్యాపారం కోసం వచ్చిన దొరనే. అయినా చెప్పినోడి పేరు రాసిండు. తర్వాత మణిలాల్ అనే కేరళ ప్రొఫెసర్ జీవితమంతా పెట్టి ఆ లాటిన్ పుస్తకాన్ని ఇంగ్లీషుల, మలయాళంల దించిండు, ఆయనకు 2020ల పద్మశ్రీ ఇచ్చిన్రు. ఇప్పుడు ఇట్టి అచ్యుతన్ ఎవరో కేరళల బడి పిల్లల్ని అడిగినా చెప్పేటోళ్లుంటరు. పేరు రాయబట్టే గద.

మన దగ్గరికొస్తే మనం ఇచ్చే గౌరవం అంతా లెక్క మీదనే. ఎన్ని మొక్కలు నాటినవ్? హరితహారం 2015ల మొదలైనప్పుడు 230 కోట్ల మొక్కలన్నరు, మంచి ఉద్దేశమే, కాని ప్రతి మీటింగుల నేను చూసింది అంకెలే. ఒకసారి ఒక కార్యక్రమానికి పోయిన (ఎక్కడో చెప్పను), అంకె ఎక్కువ చూపెట్టినాయనకు శాలువ కప్పిన్రు, ఫోటో దిగిన్రు, ఆయన వెనకాల నర్సరీల సంచులల్ల మట్టి నింపి, నీళ్లు పోసి, మొక్క మొక్కను సాదిన ఆడోళ్లు నలుగురు టెంటు బయట ఎండల నిలబడ్డరు. వాళ్లకు ఒక సమోస ఇచ్చిన్రు. ఆ మొక్కలల్ల కోనోకార్పస్ అనే విదేశీ చెట్టుయి ఎన్ని ఉండెనో! రోడ్ల పొంటి, బడుల పొంటి పెట్టిందే పెట్టి, ఆఖరికి ఇంక దాన్ని పెట్టొద్దని సర్కారే చెప్పాల్సి వచ్చింది. అంకె కోసం పోతే చెట్టు ఏదైనా ఒకటే అనిపిస్తది. కానుగ, నారేప, మద్ది గింజ ఎక్కడ దొరుకుతదో, ఏ నెలల రాలుతదో, ఎట్ల మొలుస్తదో ఎరుకున్న మనిషికి ఇచ్చే అవార్డు పేరేంది? నేనైతే ఇనలేదు.

వనజీవి రామయ్య గారి సంగతే తీసుకోండి. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి, మన పాత వరంగల్ జిల్లనే అనుకోండి, ఖమ్మం 1953 దాకా మనలనే ఉండె. 2017ల పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్ 12న పోయిండు. ఆ రోజు పేపర్లన్నీ టీవీలన్నీ కోటి మొక్కలు, కోటి మొక్కలు. తప్పు కాదు. కాని ఆయన చేసిన అసలు పని గింజలు ఏరుడు. ఎండకాలం చెట్ల కిందికి పోయి గింజలు పట్టి, వానలు పడంగనే కాలువ గట్ల మీద, రోడ్ల పొంటి, ఖాళీ జాగలల్ల చల్లేటోడు. ఏ గింజ ఎప్పుడు పట్టాలె, ఏది ఎక్కడ బతుకుతదనే ఎరుక ఆ మనిషి తలకాయల ఉన్నది. మెడల "వృక్షో రక్షతి రక్షితః" అని బోర్డు ఏసుకొని తిరిగిన మనిషిని మనం బోర్డు దాకనే చూసినం. ఆ ఎరుకను కూసుండబెట్టి, అడిగి, ఒక్క నోటుబుక్కుల రాసుకున్నోళ్లు ఎందరు?

గుర్తింపు అసలు లేదని గూడ అనను. 2001ల వచ్చిన మొక్కల రకాలు, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం ఉంది, దాని కింద రైతు తన రకాన్ని తన పేరు మీద రిజిస్టర్ చేసుకోవచ్చు, రైతులకు ఫీజు గూడ లేదు. మొక్కల రకాలు కాపాడినోళ్లకు ప్లాంట్ జీనోమ్ సేవియర్ అని అవార్డులు గూడ ఉన్నయి, రైతుకు లక్షన్నర దాకా, రైతు సంఘాలకు పది లక్షలు. నిజంగ మంచి చట్టం, ప్రపంచంల ఇట్ల రైతును బ్రీడర్ (కొత్త రకాలు తీసేటాయన) పక్కన కూసోబెట్టిన చట్టాలు తక్కువ. నేను ఉషారుగ ఫారం డౌన్‌లోడ్ చేసి మా అత్త ముందట కూసున్న. రకం వేరేదని, అంతా ఒక్కతీరు ఉంటదని, ఏండ్లు గడిచినా మారదని తేల్చే పరీక్షకు గింజ ఇయ్యాలె, గుణాలన్నీ వివరంగ రాయాలె. నేను ఒక్కొక్కటి తెలుగుల చెప్పుకుంట పోతున్న, ఆమె ఒక్కొక్కదానికి కథ చెప్పుకుంట పోతున్నది, గంటన్నర అయినంక ఫారంల రెండు గడులు నిండినయి, నా ఫోన్ల రికార్డింగ్ మాత్రం ఫుల్ అయింది. అప్పుడు అనిపించింది, అప్లికేషన్ పెట్టుకున్నోళ్లకే గౌరవం అంటే, పెట్టుకునే తీరిక ఉన్నోళ్లకే గౌరవం. అవార్డు ఇచ్చేటోళ్లు ఊళ్లకు రావాలె గాని అటక మీద కుండ ఢిల్లీకి పోతదా?

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న ఉంది, మా దోస్తు ఒకడు అగ్రికల్చర్ బీఎస్సీ, వాడే అడిగిండు. "ఒక్క మీ అత్తనే కాపాడిందా? వందల ఇండ్లు కాపాడినయి. ఒక్కరి పేరు పెడితే మిగతావాళ్లకు అన్యాయం కాదా? అందుకే జీఐ ఊరికి ఇస్తరు, మనిషికి కాదు." మాట కరెక్టే. దీనికి నేను రెండు రోజులు ఆలోచించిన. చపాటా అయినా, ఏ మిర్చి అయినా అసలు మనది కాదు గద, అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసోళ్ల ఓడలల్ల వచ్చింది. బతుకమ్మల పెట్టే బంతి మెక్సికోది. గుమ్మడి పువ్వు గూడ అటునుంచే, గుట్టల మీద కాసే సీతాఫలం గూడ అటునుంచే. తంగేడు మాత్రం మనదే. ఎంగిలిపూల నాడు తాంబాళంల ఇవన్నీ ఒక్క కుప్ప అయితయి, ఎవరు తెచ్చిన్రో, ఎవరు ముందు విత్తిన్రో ఎవరు చెప్పగలుగుతరు? మా చిన్నప్పుడు గునుగు కోసం చేన్ల పొంటి, తంగేడు కోసం గుట్ట దాకా పోయేటోళ్లం, అదే మా ప్లాంట్ ఎక్స్‌ప్లోరేషన్ (మొక్కల కోసం తిరుగుడు), ఏ చేన్ల గునుగు ఎత్తు పెరిగిందో ముందే చూసుకొని పెట్టుకునేటోళ్లం, వేరే వాడకట్టు పోరగాళ్లకు చెప్పేటోళ్లం కాదు. ఇప్పుడు గడ్డిమందు కొట్టి కొట్టి గునుగు చేన్లల్ల లేకుంట పోయింది, హన్మకొండ చౌరస్తల కట్టకింత అని కొంటున్నం.

అందుకని ఒక్కరికే కిరీటం పెట్టమని నేననడం లేదు. నేననేది పేర్ల వరుస రాయమని. గింజ ఎవరి నుంచి ఎవరికి వచ్చింది అనేది ఒక వంశవృక్షం లెక్క రాయొచ్చు. పశువులకు రాస్తున్నం, గుర్రాలకు రాస్తరు, సినిమా హీరోలకైతే నాలుగు తరాలు నోటికి చెప్తం. నర్సరీల బంగినపల్లి అంటు కొంటే తల్లి చెట్టు ఏ ఊర్ల ఉంది, ఎవరి తోటది, అంటు కట్టింది ఎవరు అని చిన్న చీటి ఎందుకు ఉండదు? మలీహాబాద్‌ల కలీముల్లా ఖాన్ సాబ్ ఒక్క చెట్టు మీద 300 రకాల మామిడి కట్టిండు, 2008ల పద్మశ్రీ, ఆయన పండ్లకు పేర్లు సచిన్, ఐశ్వర్య. ఆయన ఇష్టం, ఆయన పండు. కాని చూడండి, అంటు కట్టే చెయ్యి ఉన్న మనిషికి గూడ పేరు అంటే వేరేటోళ్ల పేరే యాదికొచ్చింది. దానికి ఉల్టా ఇంగ్లండ్ల ఒక మాగ్నోలియా పూల చెట్టుకు మన కేరళ తలశ్శేరి మొక్కల సైంటిస్టు జానకి అమ్మాళ్ పేరు ఉంది, రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్ల విస్లీ తోటల ఆమె చేసిన పనికి. చెట్టు పూసినప్పుడల్లా ఆమె పేరు పలుకుతరు. బంగారు మెడల్ బీరువల ఉంటది, పేరున్న చెట్టు మాత్రం ప్రతేడు పూస్తది.

పోయిన నెల మల్ల ఊరికి పోయిన. అత్త నాకు ఇంటి మీద కుండీలల్ల పెట్టుకో అని ఇన్ని చపాటా గింజలు పాత క్యాలెండర్ కాగితంల పొట్లం కట్టింది. నేను పెన్ను తీసి పొట్లం మీద ఆమె పేరు రాసిన, ఊరి పేరు రాసిన. ఆమె దగ్గరికొచ్చి ఏం రాస్తున్నవ్ అన్నది. చెప్పిన. సిగ్గుపడ్డది, తర్వాత, "నాది ఒక్కటి రాస్తే ఎట్ల, మా అత్తది రాయి, ఆమె చేతి నుంచే నాకొచ్చింది, ఆమె తల్లిగారింటి నుంచి కొంగుల ముడేసుకొని తెచ్చిందట" అన్నది. రాసిన. ఆ ముసలమ్మ పేరు నేను పుట్టి ఇన్నేండ్లల ఎప్పుడు అడగలేదు, ఆ రోజే తెలిసింది. ఆమె తల్లి పేరు అడిగితే అత్తకు గూడ ఎరుక లేదు, ఊరి పేరు ఒక్కటి చెప్పింది, అదీ రాసిన. మూడు లైన్లు అయినయి, చిన్న పొట్లం మీద జాగ అయిపోయింది.

అత్త పొట్లం చేతికి తీసుకొని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. చదువు రాదు ఆమెకు. "ఏ సాలు గింజనో రాసినవా?" అన్నది. లేదన్న. "అదే ముందు రాయాలెరా. మూడేండ్లు దాటితే మొలవయి" అని పొట్లం నా చేతుల పెట్టి, ఎండ దిగుతున్నదని కల్లం దిక్కు పోయింది.